పవర్ సరిపోతుంది, ప్రొపెల్లర్ సరిపోదు: మన డ్రోన్‌ను అంగారకుడి మీద ఎగరేస్తే

మా వర్క్‌షాప్‌లో ఒక థ్రస్ట్ స్టాండ్ ఉంది. ఇనుప యాంగిల్స్‌తో చేసిన చట్రం, దానికి బిగించిన లోడ్ సెల్ (బలాన్ని కొలిచే పరికరం), మోటర్, చుట్టూ గట్టి జాలీ. ప్రొపెల్లర్ బిగించి తిప్పితే ఎంత బరువు లేపుతోందో, ఎన్ని వాట్లు తాగుతోందో స్క్రీన్ మీద కనిపిస్తుంది. డ్రోన్లకు ప్రొపెల్లర్లు ఎంచి పెట్టడం నా పని కాబట్టి రోజులో సగం దాని ముందే గడుస్తుంది. పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన ముగ్గురు ఇంజినీరింగ్ పిల్లల్లో ఒకమ్మాయి స్టాండ్ ఆపగానే అడిగింది: "మేడమ్, ఈ డ్రోన్‌ని ఉన్నదున్నట్టు మార్స్ మీదకి తీసుకెళ్తే ఎగురుతుందా?"

ఎగరదని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ ఎందుకు ఎగరదో చెప్పమంటే ముగ్గురూ ఒకే మాట అన్నారు: "అక్కడ గాలి బాగా పల్చన కదా మేడమ్, పవర్ చాలదు." నాకూ మొదట అంతే అనిపించింది. అది తప్పని, అసలు సంగతి ఇదని పూర్తిగా తేలడానికి మూడు రోజులు పట్టింది. కంప్యూటర్ సిమ్యులేషన్ ఏదీ వాడలేదు. వైట్ బోర్డు, కాలిక్యులేటర్, ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లో చదివి మర్చిపోయిన మితుల విశ్లేషణ, అదే డైమెన్షనల్ అనాలిసిస్, ఇవే మా పనిముట్లు.

ముందు డ్రోన్ సంగతి. మొత్తం 2 కిలోలు. నాలుగు ప్రొపెల్లర్లు, ఒక్కొక్కటి 10 అంగుళాలు, అంటే 0.254 మీటర్లు. గాల్లో కదలకుండా నిలబడ్డప్పుడు, అంటే హోవర్‌లో, సుమారు 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర తిరుగుతూ నాలుగు మోటర్లూ కలిపి 250 వాట్ల దాకా తీసుకుంటాయి.

నాలుగు రాశులు, ఒకటే సంఖ్య

హోవర్‌లో ఉన్న రోటర్‌కి, అంటే తిరిగే ప్రొపెల్లర్‌కి, ఏమేం పట్టింపు? మోయాల్సిన బరువు, చుట్టూ ఉన్న గాలి సాంద్రత, ఆ గాలిని కిందికి తోసే రోటర్ వ్యాసం, అందుకు కావలసిన పవర్. నాలుగు రాశులు. గురుత్వాకర్షణ బరువులోనే కలిసి ఉంది. వీటిలో ఉన్న మూల మితులు మూడు: ద్రవ్యరాశి, పొడవు, కాలం. 1914లో బకింగ్‌హామ్ ప్రచురించిన π (పై) సిద్ధాంతం ప్రకారం నాలుగులోంచి మూడు పోతే ఒకటి. అంటే ఈ నాలుగు రాశులతో మితి లేని సంఖ్య ఒక్కటే తయారవుతుంది.

దాన్ని పిల్లల చేతే కట్టించాను. బరువు మితిలో కాలం మైనస్ 2 ఘాతంలో ఉంది, పవర్‌లో మైనస్ 3. సాంద్రతకీ వ్యాసానికీ కాలంతో పనిలేదు. కాబట్టి కాలం లెక్క కుదరాలంటే బరువుకి ఒకటిన్నర ఘాతం తప్పదు. అలా రాయగానే ద్రవ్యరాశి కూడా ఒకటిన్నర అయింది, కావలసింది ఒకటే. ఆ మిగిలిన అర పోవాలంటే సాంద్రత వర్గమూలంతో భాగించాలి. ఇక పొడవు మూడయింది, కావలసింది రెండు. ఒకసారి వ్యాసంతో భాగిస్తే సరి.

పవర్ = స్థిరాంకం × (బరువు)^1.5 ÷ (వ్యాసం × √సాంద్రత)

గాలి రోటర్ మీదుగా ఎలా సుడులు తిరుగుతుందో, బ్లేడు ఎంత వంపుతో ఉందో ఏమీ అడక్కుండానే ఇంత వచ్చింది. నాకు ఈ పద్ధతి మీద ఉన్న ఇష్టమంతా ఇక్కడే ఉంది. తెలియనిదంతా స్థిరాంకం అనే ఒక్క గదిలోకి వెళ్ళి కూర్చుంది. మిగతా ఇల్లంతా ఖాళీ, హాయిగా తిరగొచ్చు.

స్థిరాంకం విలువ మితులు చెప్పవు. ఏ నష్టమూ లేని ఆదర్శ రోటర్‌కి మొమెంటం సిద్ధాంతం ప్రకారం అది 0.8. మా ప్రొపెల్లర్ కొలతలు వేస్తే 1.6 వచ్చింది. మోటర్ వేడి, బ్లేడు రాపిడి, బ్లేడు కొసన తిరిగే సుడి, అన్నీ కలిసి ఆదర్శానికి రెట్టింపు. సూత్రం నమ్మదగ్గదేనా అని 10 అంగుళాలది తీసి 12 అంగుళాలది బిగించి అదే థ్రస్ట్ దగ్గర చూశాం. పవర్ ఆరో వంతు తగ్గాలి. అంతకన్నా కాస్త తక్కువే తగ్గింది, రెండింటి బ్లేడు ఆకారం అచ్చంగా ఒకటి కాదు కాబట్టి. పిల్లలకి నమ్మకం కుదిరింది.

ఇక అంగారకుడు. అక్కడ గురుత్వాకర్షణ సెకను వర్గానికి 3.71 మీటర్లు, మన దాంట్లో 0.378 వంతు. గాలి సాంద్రత రుతువును బట్టి మారుతుంది, మేం ఘనపు మీటరుకి 0.017 కిలోలు తీసుకున్నాం. మన దగ్గర 1.2. అంటే గాలి 70 రెట్లు పల్చన. సూత్రంలో వేస్తే బరువు తగ్గినందుకు పవర్ 0.23 వంతుకి పడిపోయింది, గాలి పల్చనైనందుకు 8.4 రెట్లు పెరిగింది. రెండూ గుణిస్తే 1.95.

అంటే రెట్టింపు, అంతే. 250 వాట్ల చోట 490 వాట్లు. 70 రెట్లు పల్చటి గాలి అనగానే భయపడ్డాం గానీ సాంద్రత వర్గమూలంలో కూర్చోవడం వల్ల దాని దెబ్బ 8 రెట్లకే ఆగింది. అందులో ఎక్కువ భాగాన్ని తేలికైన బరువు తినేసింది. రెట్టింపు పవర్ ఇచ్చే మోటర్లు బజార్లో దొరుకుతాయి. బోర్డు మీద "ఎగురుతుంది" అని రాసి, ఆ సాయంత్రం తప్పుడు జవాబుతోనే ఇళ్ళకి వెళ్ళాం.

రెండో రోజు: వేగం అడ్డొచ్చింది

మర్నాడు పొద్దున ఇంకో కుర్రాడు అడిగిన ప్రశ్నతో కథ మారింది. "ఎంత స్పీడులో తిప్పాలి మేడమ్?"

థ్రస్ట్‌కి కూడా మితులతో సూత్రం వస్తుంది: థ్రస్ట్ = గుణకం × సాంద్రత × (సెకనుకి చుట్లు)² × (వ్యాసం)⁴. మాలాంటి వాళ్ళం రోజూ వాడేదే. అదే ప్రొపెల్లర్, అదే గుణకం అనుకుంటే అంగారకుడి మీద చుట్లు 5.2 రెట్లు పెరగాలి. 6,000 చోట 31,000 ఆర్‌పీఎం.

ఇప్పుడు బ్లేడు కొస దగ్గరికి వెళ్ళి నిలబడండి. మన దగ్గర ఆ కొస సెకనుకి 80 మీటర్ల వేగంతో పోతుంది. ధ్వని వేగం 343, అంటే కొస వేగం అందులో 0.23 వంతు, మా భాషలో మాక్ 0.23, ఏ ఇబ్బందీ లేదు. అంగారకుడి మీద అదే కొస సెకనుకి 412 మీటర్లు పోవాలి. అక్కడి గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడ్, పైగా చలి. అందువల్ల ధ్వని వేగం 235 నుంచి 240 మీటర్లే. కొస మాక్ 1.7 అవుతుంది.

మాక్ 1 దాటే లోపే బ్లేడు మీద షాక్ తరంగాలు మొదలై లిఫ్ట్ (పైకి లేపే బలం) పడిపోతుంది, డ్రాగ్ (వెనక్కి లాగే బలం) ఎగబాకుతుంది. కాబట్టి ఎంత పెద్ద మోటర్ పెట్టినా ఈ ప్రొపెల్లర్‌తో పని కాదు. పవర్ వల్ల ఆగలేదు మన డ్రోన్, ధ్వని వేగం వల్ల ఆగింది. మా మొదటి లెక్కలో ధ్వని వేగం అనే రాశినే పెట్టలేదు. పెట్టని రాశి గురించి మితుల విశ్లేషణ ఏమీ చెప్పదు. ఈ పద్ధతిలో అసలైన తెలివి సమీకరణం కట్టడంలో లేదు, ఏ రాశుల్ని లోపలికి పిలవాలో తెలియడంలో ఉంది. నేను ఇన్నేళ్ళుగా తక్కువ మాక్ దగ్గరే పని చేస్తున్నాను కాబట్టి ధ్వని వేగం నా లెక్కల్లోకి ఎప్పుడూ రాలేదు. అలవాటు వల్ల జరిగిన తప్పు అది.

అయితే ఏం చేయాలి? కొస వేగాన్ని మాక్ 0.7 దగ్గర, అంటే సెకనుకి 165 మీటర్ల దగ్గర కట్టేసి, వ్యాసం పెంచాలి. కొస వేగం, వ్యాసం గుణిస్తే వచ్చేది మారకూడదు కాబట్టి వ్యాసం 2.5 రెట్లు. 10 అంగుళాల చోట 25 అంగుళాల ప్రొపెల్లర్లు నాలుగు. కానీ ప్రొపెల్లర్ ఆకారం అలాగే ఉంచి 2.5 రెట్లు పెంచితే దాని బరువు ఘనం లెక్కన 15 రెట్లు పైగా పెరుగుతుంది. చేతులు పొడవవుతాయి, ఫ్రేమ్ బరువెక్కుతుంది, మన 2 కిలోలు 2 కిలోలుగా ఉండవు. అప్పుడు మళ్ళీ వ్యాసం పెంచాలి. బయటపడే దారి ఒక్కటే: బ్లేడ్లు పెద్దవి కావాలి, వాటి బరువు మాత్రం దాదాపు పెరగకూడదు.

ఇంజెన్యుటీతో సరిచూసుకున్నాం

ఈ దారిలో నిజంగా వెళ్ళినవాళ్ళున్నారు. నాసాకి చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో (జేపీఎల్) తయారైన ఇంజెన్యుటీ హెలికాప్టర్ 2021 ఏప్రిల్ 19న అంగారకుడి మీది జెజెరో బిలంలో 3 మీటర్ల ఎత్తుకి లేచి, 39 సెకన్లు గాల్లో ఉండి దిగింది. వేరే గ్రహం మీద పవర్‌తో నడిచిన మొదటి నియంత్రిత ఎగురుడు అదే. దాని చీఫ్ ఇంజినీర్ బాబ్ బలరామ్ ఐఐటీ మద్రాసులో చదివినవారు. మొత్తం బరువు 1.8 కిలోలు, మా డ్రోన్ కంటే తక్కువ. రోటర్ వ్యాసం మాత్రం 1.2 మీటర్లు. ఒకదాని మీద ఒకటి రెండు రోటర్లు, ఒక్కో దానికి రెండు కార్బన్ ఫైబర్ బ్లేడ్లు, ఎదురెదురు దిశల్లో తిరిగేవి. 2,537 ఆర్‌పీఎం దగ్గర కొస వేగం సెకనుకి 160 మీటర్లు, అంటే మాక్ 0.7కి కొంచెం లోపు. బోర్డు మీద మేం గీసుకున్న గీత దగ్గరే వాళ్ళూ ఆగారు.

ఆ ఆర్‌పీఎంని చెవితో కూడా సరిచూడొచ్చని తెలిసినప్పుడు పిల్లలు కుర్చీల్లోంచి లేచారు. నాలుగోసారి ఎగిరినప్పుడు పెర్సెవరెన్స్ రోవర్ 80 మీటర్ల దూరం నుంచి మైక్రోఫోన్‌తో హెలికాప్టర్ శబ్దాన్ని పట్టుకుంది. 84 హెర్ట్జ్ దగ్గర సన్నటి ఝుంకారం. ఒక్కో రోటర్‌కి రెండు బ్లేడ్లు, కాబట్టి సెకనుకి 42 చుట్లు, నిమిషానికి 2,520. మా థ్రస్ట్ స్టాండ్ దగ్గర శబ్దం విని ఆర్‌పీఎం అంచనా వేసే పద్ధతి కూడా ఇదే. కోట్ల కిలోమీటర్ల అవతల కూడా అదే లెక్క పనిచేస్తుంటే ఒళ్ళు పులకరించింది.

ఇక పవర్. బరువు 6.7 న్యూటన్లు, వ్యాసం 1.2 మీటర్లు, సాంద్రత 0.017. రెండు రోటర్లనీ కలిపి ఒకే చక్రంగా లెక్కిస్తే ఆదర్శ పవర్ 88 వాట్లు వస్తుంది. నాసా చెప్పే అంకె సుమారు 350 వాట్లు. అంటే స్థిరాంకం 3.2. ఆదర్శం 0.8, మా ప్రొపెల్లర్ 1.6, ఇంజెన్యుటీ 3.2. ప్రపంచంలోకెల్లా జాగ్రత్తగా చేసిన రోటర్లలో ఒకటి మా బజారు ప్రొపెల్లర్ కంటే రెట్టింపు నష్టంతో తిరగడమేమిటి?

ఈ ప్రశ్న దగ్గరే మూడో రోజంతా గడిచింది. ఒక కారణం సులువు: కింది రోటర్ పై రోటర్ వదిలిన గాలిలో తిరగాలి, కాబట్టి కొంత నష్టం. అసలు కారణం స్నిగ్ధత, అంటే గాలికుండే జిగురు. దాన్నీ లెక్కలోకి తెస్తే ఇంకో మితి లేని సంఖ్య వస్తుంది, రేనాల్డ్స్ సంఖ్య: సాంద్రత × వేగం × బ్లేడు వెడల్పు ÷ స్నిగ్ధత. గాలిని ముందుకు నెట్టే జడత్వం ఎంత, పట్టి వెనక్కి లాగే జిగురు ఎంత అన్న నిష్పత్తి అది. బ్లేడు వెడల్పు 7 సెంటీమీటర్లు అనుకుని ముప్పావు వంతు వ్యాసార్ధం దగ్గర వేగంతో లెక్కిస్తే అంగారకుడి మీద సుమారు 12,000 వస్తుంది. అదే బ్లేడు అదే వేగంతో మన దగ్గర తిరిగితే 5 లక్షలు. 12,000 అంటే పెద్ద పురుగుల రెక్కలకి దగ్గరి లోకం. అక్కడ గాలి బ్లేడు వంపుని అంటిపెట్టుకుని పోదు, మధ్యలోనే విడిపోతుంది. లిఫ్ట్ తగ్గి డ్రాగ్ పెరుగుతుంది. మనం స్థిరాంకం అని పిలిచింది నిజానికి స్థిరం కాదు, రేనాల్డ్స్ సంఖ్యతో, మాక్ సంఖ్యతో మారుతూ ఉంటుంది. తెలియనిదంతా పెట్టిన ఆ గది తలుపు ఇప్పుడు తెరుచుకుంది.

ఈ రెండు సంఖ్యలూ భూమి మీద ఒకేసారి దొరకవు. అందుకే జేపీఎల్ వాళ్ళు 25 అడుగుల వెడల్పున్న వాక్యూమ్ చాంబర్‌లో గాలి తోడేసి, అంగారకుడి సాంద్రతకి కార్బన్ డయాక్సైడ్ నింపి పరీక్షించారు. గురుత్వాకర్షణని తోడేయడం కుదరదు కదా, హెలికాప్టర్‌కి తీగ కట్టి పైకి లాగుతూ బరువులో 62 శాతం తగ్గించారు. ఏ నిష్పత్తిని పట్టుకోవాలో, దేన్ని వదిలేయొచ్చో ముందే తేల్చుకున్నవాళ్ళు చేసే పని ఇది.

ఇంకొకటి నాకు జేపీఎల్ వాళ్ళ రిపోర్టుల వల్లే తెలిసింది. తిరిగే బ్లేడు పైకీ కిందికీ ఊగుతుంది. మన దగ్గర చిక్కటి గాలి ఆ ఊపుని మెత్తగా ఆపేస్తుంది. గాలి బలానికీ బ్లేడు జడత్వానికీ ఉన్న ఈ నిష్పత్తిని లాక్ సంఖ్య అంటారు, అందులో సాంద్రత నేరుగా, వర్గమూలం లేకుండా ఉంటుంది. కాబట్టి అంగారకుడి మీద ఊపుని ఆపేవాడు లేడు. తొలి నమూనాని చాంబర్‌లో మనిషి జాయ్‌స్టిక్‌తో నడపబోతే అదుపులో నిలవలేదు. తర్వాత బ్లేడ్లని బాగా గట్టిగా, వంగకుండా చేసి, నడిపే పని కంప్యూటర్‌కి అప్పగించారు. పవర్ లెక్కలో 8 రెట్లుగా కనబడ్డ గాలి పల్చదనం ఇక్కడ నిండు 70 రెట్లుగా వచ్చి మీద పడింది.

రుతువు మారినప్పుడు ఏం జరిగిందో కూడా చూడాలి. హెలికాప్టర్ని మొదట 0.0145 నుంచి 0.0185 సాంద్రతకి డిజైన్ చేశారు. ఐదుసార్లు ఎగిరితే చాలనుకున్నది నెలల తరబడి పనిచేస్తూ పోయింది. ఈలోగా ధ్రువాల దగ్గర కార్బన్ డయాక్సైడ్ గడ్డకట్టి గ్రహమంతా గాలి పల్చబడింది. 2021 సెప్టెంబర్ నాటికి సాంద్రత 0.012 దాకా పడిపోతుందని అంచనా వచ్చింది. పిల్లల్ని అడిగాను, మీరైతే ఏం చేస్తారని. ఒకమ్మాయి బోర్డు దగ్గరికెళ్ళి థ్రస్ట్ సూత్రంలో సాంద్రత తగ్గితే చుట్లు వర్గమూలం లెక్కన పెరగాలని రాసింది: √(0.0145 ÷ 0.012) = 1.1. 2,537 ని 1.1 తో గుణిస్తే 2,790. అప్పుడు చెప్పాను, వాళ్ళు నేల మీదే నిలిపి 2,800 దగ్గర తిప్పి చూసి, అక్టోబర్ 24న 2,700 ఆర్‌పీఎంతో ఎగరేశారని. ఆ అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు, మళ్ళీ ఒకసారి కాలిక్యులేటర్ నొక్కి చూసుకుంది.

మిగతా లోకాలు

చంద్రుడితో పని తొందరగా అయిపోయింది. సాంద్రత సున్నాకి దగ్గర, సూత్రంలో పవర్ అనంతం. రోటర్ మాటే లేదు, రాకెట్ తప్ప దారి లేదు.

శుక్రుడి నేల మీద గురుత్వాకర్షణ దాదాపు మనలాంటిదే, గాలి మాత్రం ఘనపు మీటరుకి 65 కిలోలు. మా డ్రోన్‌కి 29 వాట్లు, 775 ఆర్‌పీఎం చాలు. ఇంత సుఖంగా కనిపించే అంకె మోసం. అక్కడ వేడి 460 డిగ్రీలు, సీసం 327 దగ్గరే కరుగుతుంది. వేడి మా రాశుల జాబితాలో లేదు కాబట్టి సూత్రం దాని ఊసెత్తలేదు. సోవియట్ వాళ్ళు 1985 జూన్‌లో వేగా నౌకల నుంచి వదిలిన రెండు హీలియం బెలూన్లు నేలకి 54 కిలోమీటర్ల ఎత్తున, మన వాతావరణం లాంటి వేడిమిలో, రెండేసి రోజుల పాటు తేలుతూ సమాచారం పంపాయి. తేలడానికి పవరే అక్కర్లేదు.

టైటాన్ దగ్గర మాత్రం పిల్లలు వదల్లేదు. శనిగ్రహం చుట్టూ తిరిగే ఈ చందమామ మీద గురుత్వాకర్షణ 1.35, గాలి సాంద్రత 5.4. బరువు ఏడో వంతు, గాలి నాలుగున్నర రెట్లు చిక్కన. పవర్ 41 వంతుల్లో ఒకటి. మా డ్రోన్ అక్కడ 6 వాట్లతో, వెయ్యి పైచిలుకు ఆర్‌పీఎంతో నిలబడుతుంది. ధ్వని వేగం 195 ఉన్నా కొస మాక్ 0.07 మాత్రమే. రేనాల్డ్స్ సంఖ్య మన దగ్గరి కంటే రెట్టింపు. మూడు సంఖ్యలూ మంచివైపే ఉన్నాయి. అక్కడి చిక్కు మైనస్ 179 డిగ్రీల చలి, సూర్యుడి వెలుగు దాదాపు అందకపోవడం. అందుకే అక్కడికి వెళ్ళబోయే నాసా డ్రాగన్‌ఫ్లై, పేరుకి తూనీగ, చిన్న కారంత సైజు. దానికి ఎనిమిది రోటర్లు. అణు బ్యాటరీ ఇచ్చే కొద్దిపాటి కరెంటుతో మన ఎనిమిది రోజులంత పొడవున్న రాత్రిలో బ్యాటరీ నింపుకుని, పగలు కాసేపు ఎగురుతుంది. 2028 జూలైలో బయల్దేరి 2034లో చేరాలన్నది ప్రణాళిక.

పిల్లలు వెళ్ళేముందు చార్ట్ మీద ఒక పట్టిక రాసి థ్రస్ట్ స్టాండ్ పక్క గోడకి అంటించారు. గురుత్వాకర్షణ, సాంద్రత, ఆర్‌పీఎం, కొస మాక్, రేనాల్డ్స్ సంఖ్య, చివరి గడిలో కొలిచిన స్థిరాంకం. మా ప్రొపెల్లర్ వరుసలో 1.6, ఇంజెన్యుటీ వరుసలో 3.2. టైటాన్ వరుసలో ఆ గడి ఖాళీగా వదిలారు. కింద పెన్సిల్‌తో ఎవరో "1.6 కంటే తక్కువ?" అని రాసి ప్రశ్నార్థకం పెట్టారు. అంకె వేసి చూశాక నాకూ అలాగే అనిపిస్తోంది, కానీ పెన్నుతో దిద్దలేదు.